కొట్టంలో దాచిన సముద్రం

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇది సముద్రం కథ. కానీ ఇందులో ఉన్నవాళ్లలో ఒక్కరు తప్ప ఎవరూ అప్పటికి సముద్రం మొహం చూడలేదు. కథ చెప్పేవాళ్ల సంగతి కూడా అంతే అనుకోండి. కరీంనగర్ నుంచి ఎటు నడిచినా ముందు వచ్చేది మానేరు వాగు, ఎండాకాలమైతే అదీ రాదు. కాబట్టి సముద్రం గురించి ఎక్కడైనా తేడాగా అనిపిస్తే, ఉప్పు కొంచెం తక్కువైందనుకొని సర్దుకోండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులు. ఆ ఉదయం తారాబాయి మనసులో వేసుకున్న పథకం చాలా చిన్నది. బొంబాయి నుంచి పెద్దపల్లి స్టేషన్‌లో సముద్రం దిగుతుంది. వకీలు పని చేసే భర్త జగపతిరావు వెళ్లి దాన్ని బస్సులో వేసుకొస్తాడు. మర్నాటి సాయంత్రానికి కొత్త అద్దాల పెట్టెలో పోస్తారు. అంతే.

తారాబాయి తమ్ముడు రాజేశ్వర్‌రావు బొంబాయి రేవులో ఉద్యోగం చేసేవాడు. రెండేళ్ల కిందట లక్కదీవుల నుంచి వచ్చిన ఓడవాళ్ల దగ్గర సంపాదించి, అక్క కోసం ఒక చిన్న అద్దాల పెట్టె తెచ్చాడు. అందులో ఉప్పునీళ్లు, పగడాలు పట్టిన ఒక రాయి, గులాబీరంగు వేళ్లున్న ఒక పువ్వు, నారింజరంగు ఒంటి మీద తెల్ల పట్టీలు కట్టుకున్న రెండు చేపలు. పువ్వంటే పువ్వు కాదు, ప్రాణమున్న జంతువు. దాని వేళ్లు తగిలితే వేరే చేప చస్తుంది. ఈ రెండు మాత్రం పొద్దుగూకగానే ఆ వేళ్ల మధ్యలోకి దూరి, దుప్పటి కప్పుకున్నట్టు పడుకునేవి. హైదరాబాదులో ఇంటర్ సైన్సు చదివినప్పుడు తారాబాయి ఇలాంటివాటి బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకుంది. కానీ బొమ్మలు ఊపిరి తీసుకోవు కదా. మొదటిరోజు ఆ పెట్టె ముందు కూర్చొని అన్నం తినడం మరిచిపోయింది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు మరిచిపోతూనే ఉంది.

అత్తగారు జానకీబాయి మొదట్లో ఆ వైపే రాలేదు. నీచు ఇంట్లోకి వచ్చిందని ముక్కు మూసుకుంది. ఒకరోజు మధ్యాహ్నం, కోడలు చూడటం లేదనుకొని, వంగి చూసింది. రాయి నిండా నువ్వుగింజంత నోళ్లు తెరుచుకొని, మూసుకొని, మళ్లీ తెరుచుకుంటున్నాయి.

"గివి ఏంది బిడ్డా?"

"పగడాలు అత్తమ్మా. బతికున్న పగడాలు."

జానకీబాయి చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని పగడాల దండ మీదికి పోయింది.

"అంటే గీ నా మెడలున్నోళ్లు గూడ... గిట్లనే ఉంటుండెనా?"

ఆ రోజు నుంచి ఆ దండను తీసి పెట్టేటప్పుడు ఆమె టపీమని పెట్టడం మానేసింది.

పెట్టెను బతికించడం మామూలు పని కాదు. నీళ్లలోకి గాలి పోవాలి. అందుకు పెట్టె కింద లారీ ట్యూబు పెట్టి, దానికి సన్నని గొట్టం తగిలించారు. జగపతిరావు రోజూ పొద్దున కక్షిదారులు వరండాలో చూస్తుండగా సైకిల్ పంపుతో ఆ ట్యూబులో గాలి కొట్టేవాడు. వకీల్ సాబ్‌కు లారీ ఉందని సగం జిల్లా నమ్మింది. ఇక ఉప్పు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి తమ్ముడు తెచ్చిన గాజు సాధనం రైల్లోనే పగిలిపోయింది. దాని బదులు తారాబాయి బీరువాలోంచి లాక్టోమీటర్ తీసింది. పాలమనిషి భూమన్న పాలు పరీక్షిద్దామని జగపతిరావు ఎప్పుడో కొని, మొహమాటంతో ఒక్కసారి కూడా వాడని వస్తువు అది. దాన్ని సముద్రంలో ముంచితే సరిగ్గా ఇరవై ఐదో గీత దగ్గర నిలబడేది, పలచనైతే ఇంకా లోతుకు మునిగి తక్కువ గీత చూపించేది.

"గంతే అక్కా. ఇర్వై అయిదు ఉన్నదంటే సముద్రం, లేకపోతే సాంబారు," అని తమ్ముడు తేల్చేశాడు.

ఈ రెండేళ్లలో పువ్వు రూపాయి బిళ్లంత ఉన్నది అన్నం తినే పళ్లెమంత అయింది. పెట్టె చాలడం లేదు. దసరాకు వచ్చిన తమ్ముడు చూసి తల అడ్డంగా ఊపాడు. "పెద్ద పెట్టె చేపియ్యి అక్కా, లేకుంటే గిది దక్కదు. నీళ్లు నేను పంపుత."

ఊరి కమాన్ దర్వాజా దగ్గరి ఇనుప పనివాడు ట్రంకుపెట్టెంత చట్రం చేసిచ్చాడు. అద్దాలే రెండు పొట్టి పక్కలకు తక్కువ పడ్డాయి. ఊళ్లో అంత మందం అద్దం ఇంకెక్కడా లేదు. అందుకని పాత పెట్టెను విప్పి, దాని అద్దాలనే కొత్తదానికి అతికించారు. అద్దాల సందుల్లో పెట్టిన లప్పం ఆరేదాకా పువ్వు, చేపలు, పగడపు రాయి వంటింట్లోని పెద్ద తొక్కు జాడీలో ఉండాలి. జాడీని ఎన్నిసార్లు కడిగినా మామిడికాయ వాసన పోలేదు. చేపలు ఏమీ అనలేదు గానీ, వాటి మొహాలు మాత్రం కొంచెం పుల్లగానే ఉన్నాయి. "జాడీల రెండు దినాలు దాటొద్దు," అని తమ్ముడు మరీ మరీ చెప్పాడు.

కాబట్టి పథకంలో తప్పేమీ లేదు. తప్పంతా పంచాంగంలోనే ఉంది. మర్నాడు అమావాస్య, పట్టపగలు సూర్యగ్రహణం.

పెద్దపల్లిలో బస్సు పైకి ఆరు పాలక్యాన్లు ఎక్కిస్తుంటే కండక్టరు అడిగాడు. "ఏంది వకీల్ సాబ్, గిన్ని పాలు? పెండ్లా?"

జగపతిరావు కోర్టులో అబద్ధం ఆడగలడు గానీ బస్సులో ఆడలేడు. "పాలు కాదు. సముద్రం," అన్నాడు.

బస్సంతా ఒక్కసారి పైకప్పు వైపు తలెత్తింది. గ్రహణంనాడు సముద్రస్నానం చేస్తే ఎంత పుణ్యమో బస్సులో ప్రతి ఒక్కరికీ తెలుసు. అది చేయడానికి తరతరాలుగా తమలో ఎవరి వల్లా కాలేదనీ తెలుసు. అలాంటిది సముద్రమే టికెట్ కొనుక్కొని నెత్తి మీద కూర్చుంది. ఒక ముసలాయన చెప్పులు విప్పి, బస్సు పైకప్పుకు దండం పెట్టాడు. కరీంనగర్‌లో బస్సు దిగినవాళ్లలో సగం మంది ఇళ్లకు పోలేదు. క్యాన్ల వెనకాలే నడిచారు.

ఇనుప పనివాడి దగ్గర కొత్త పెట్టెకు మూత చేయించుకొని తారాబాయి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జాతర ఉంది. జానకీబాయి పీట వేసుకొని కూర్చొని, వచ్చినవాళ్లకు వచ్చినట్టు గరిటెతో సముద్రం పోస్తోంది. సీసాలు, ముంతలు, పిడతలు, ఒకావిడ దగ్గర పసిపిల్ల పాలబుడ్డి. అప్పటికే ఒక క్యాను ఖాళీ, రెండోది సగానికి దిగింది.

"అత్తమ్మా! గిదేంది? గా నీళ్లు లెక్కల తెప్పించినయి!"

"తీర్థమని అడిగితె లేదంటమా బిడ్డా? గీ వాకిట్ల ఎన్నడన్న అన్నమా?" జానకీబాయి గరిటె ఆగలేదు. "రా సక్కుబాయి, ముంత జర వంచు."

పక్కింటి సక్కుబాయి ఒక చుక్క నాలుక మీద వేసుకొని కళ్లు మూసుకుంది. "అబ్బ! ఎంత ఉప్పు! నిజంగ దేవుడే."

తారాబాయికి ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. పెద్ద కోడలు కాబట్టి రెండూ మింగింది. జనం తగ్గాక, ఎవరికీ చెప్పకుండా, భర్తను సాయం పట్టుకొని మిగిలిన నాలుగు క్యాన్లను పెరట్లోని బర్రెల కొట్టంలోకి మోయించింది. పైన గోనెసంచులు కప్పింది.

"అవ్వకు చెప్తె అయిపోతది గద," అన్నాడు జగపతిరావు ఆయాసపడుతూ, తల్లి ఉన్న గది వైపు చూసి.

"చెప్తె రేపటికి కొండగట్టు దాక పంచుతది. మీరు సప్పుడు చేయకుండ్రి."

మర్నాడు గ్రహణం పట్టింది. మధ్యాహ్నం వెలుతురు సాయంత్రంలా మారింది. కోళ్లు గూళ్లలోకి పోయాయి. ఇంట్లో ఎవరూ తినలేదు, తాగలేదు. జానకీబాయి ముందే తొక్కుల మీద, నెయ్యి మీద, చేపలున్న జాడీ మీద కూడా గరకపోచలు వేసి పెట్టింది. గరక ఉన్నదానికి గ్రహణం అంటదు. కొట్టంలో ఏముందో తెలియదు కాబట్టి అక్కడ వేయలేదు. తారాబాయి జాడీ పక్కనే కూర్చొని చూస్తూ ఉంది. చీకటి పడిందనుకొని చేపలు రెండూ పువ్వులోకి దూరాయి. ఆకాశంలో సూర్యుడికి జరిగేదేమిటో తొక్కు జాడీలో ఉన్నవాటికి కూడా తెలిసిందని ఆమెకు ఒళ్లు జలదరించింది.

గ్రహణం విడిచింది. తారాబాయి స్నానానికి వెళ్లింది. జానకీబాయి నడుం బిగించింది.

"రామవ్వా! గరక లేని నీళ్లు ఇంట్ల ఒక్క చుక్క ఉండొద్దు. గోలెం, గాబు, బిందెలు, అన్నీ పారబోసి కడుగు. మళ్ల బాయి నీళ్లు తోడి పెట్టు."

రామవ్వ తన పెళ్లైనప్పటి నుంచి ఆ ఇంట్లో పనిచేస్తోంది. చెప్పిన పని సగం చేసే అలవాటు ఆమెకు లేదు. తలస్నానం చేసి పెరట్లోకి వచ్చిన తారాబాయికి ముందుగా కనిపించినవి ఎండలో బోర్లించిన నాలుగు క్యాన్లు. చింతపండు, బూడిద పెట్టి తోమినట్టున్నారు, అద్దాల్లా మెరుస్తున్నాయి. కొట్టంలో రెండు బర్రెలు నేలను నాకుతున్నాయి. జన్మలో ఎన్నడూ ఎరగని రుచి దొరికినట్టు, కళ్లు సగం మూసుకొని, తీరుబడిగా నాకుతున్నాయి.

"రామవ్వా, గీ క్యాన్లల్ల..."

"పారబోసిన దొరసాని! గరక లేకుండె. బర్లకు పెట్టే నీళ్లను సంచులు కప్పి దాచిన్రు ఎవలో, పిచ్చోళ్లు," అంది రామవ్వ మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ.

పిచ్చోళ్లలో ఒకరు బావి గట్టు మీద కూలబడ్డారు. ఇంకొకరు వరండాలో సైకిల్ పంపు పట్టుకొని కదలకుండా నిలబడ్డారు.

జాడీలో నీళ్లు అప్పటికే మసకబారాయి. పువ్వు ముడుచుకొని, నానబెట్టిన అంజీరులా వేలాడుతోంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పాత పెట్టె లేదు, కొత్త పెట్టెలో నీళ్లు లేవు. బొంబాయి ఎక్కడ, కరీంనగర్ ఎక్కడ.

"ఉప్పు కలిపితె కాదా?" అన్నాడు పెరట్లోకి వచ్చిన జగపతిరావు. "ఇంట్ల మస్తు దొడ్డుప్పు ఉన్నది."

"గది సముద్రం అండి, పప్పుచారు కాదు. ఉప్పొక్కటే అయితే మా తమ్ముడు బొంబాయి నుంచి ఎందుకు పంపుతడు?" అంది తారాబాయి. "రెండేండ్లు బతికిన్రు నా దగ్గర. నా మీద నమ్మకంతోని."

సరిగ్గా అప్పుడే పక్కింటి సక్కుబాయి పెరటి గోడ మీది నుంచి తల ఎత్తింది. చేతిలో నిన్నటి ముంత, దాని మూతి మీద గరక. "జానకక్కా, ఒక్క సందేహం. స్నానానికి ఒక్క చెంచెడు నెత్తి మీద చల్లుకున్న. చాలదా? మిగిలింది దాస్త. మా ఆయన ఆఖరి ఘడియల నోట్లె పొయ్యడానికి పనికొస్తది."

లోపలి నుంచి ఆయన గట్టిగా దగ్గి, తాను బతికే ఉన్నట్టు తెలియజేశాడు.

తారాబాయి లేచి నిలబడింది. ఆ ముంత వైపు చూసింది. ఆ తర్వాత గోడ అవతల కనిపిస్తున్న ఇళ్ల పైకప్పుల వైపు చూసింది. సముద్రం పోలేదు. ఊరంతా దేవుడి గూళ్లలో, గరక కప్పుకొని, భద్రంగా కూర్చొని ఉంది. తాను దాచుకున్నది బర్రెల పాలైంది. అత్తగారు పంచినదే మిగిలింది.

"అత్తమ్మా..."

జానకీబాయికి చెప్పకముందే అర్థమైంది. ఆమె మొహం మాడిపోయింది. "ఇచ్చిన తీర్థం మళ్ల అడుగుడా? మీ మామ ఉంటె నా మొహం చూస్తుండెనా?"

ఆమె వంటింట్లోకి వెళ్లి జాడీలోకి వంగింది. పగడపు రాయి మీద నువ్వుగింజంత నోళ్లన్నీ మూసుకుపోయి ఉన్నాయి. మెడలోని దండ జారి జాడీ అంచుకు తగిలి చప్పుడైంది. ఆమె దాన్ని మెల్లగా చేత్తో పట్టుకొని బయటికి వచ్చింది.

"రామవ్వా, నా చెప్పులు తే."

జానకీబాయి తిరిగి ఇమ్మని ఎవరినీ అడగలేదు. ప్రతి గడప ముందూ నిలబడి ఒకే మాట అంది. "మా ఇంట్ల సముద్రంల పుట్టిన పానాలున్నయి, కొనఊపిరితోని ఉన్నయి. చూడనీకి రండ్రి. వచ్చేటప్పుడు మీ ఇంట్లున్న సముద్రాన్ని గూడ తోల్కరాండ్రి." ఏ గడపలోకీ ఎన్నడూ తనంత తానుగా వెళ్లని పెద్ద దొరసాని ఎండలో నిలబడి పిలిస్తే, కాదనగలవాళ్లు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

వెనకాల తారాబాయి, లాక్టోమీటర్‌తో. ఇది అవసరమవుతుందని ఆమె అనుకోలేదు. సక్కుబాయి ముంత సరిగ్గా ఇరవై ఐదు. మూడో ఇంట్లో పిడత పన్నెండు చూపించింది.

"మా మరదలు ఏడ్సింది దొరసాని, సగం ఇచ్చిన. తక్కువ కనబడుతుందని జర బాయి నీళ్లు పోసిన," అంది ఇల్లాలు నేలచూపులు చూస్తూ.

ఇంకో ఇంట్లో సముద్రం పచ్చగా ఉంది, పసుపు కలిపారు. ఇంకోచోట తులసి, కర్పూరం. చాయ్ హోటల్ నాగయ్య అయితే తన సీసా మొత్తం హోటల్ నీళ్ల డ్రమ్ములో పోశాడు. "పుణ్యం అందరికి రావాలె గద! పొద్దటి సంది చాయ్ ఉప్పగున్నదని గొడవ. పుణ్యమురా అయ్యా, తాగుండ్రి అంటున్న."

చివరికి పాలమనిషి భూమన్న గుడిసె. భూమన్న పెద్ద సీసా నిండా తెచ్చి సగర్వంగా ముందు పెట్టాడు. తారాబాయి లాక్టోమీటర్ వదిలింది. అది బుడుంగున మునిగింది. ఎనిమిది.

"భూమన్నా, నీకు ఇచ్చింది గింత కాదు గద? సీసల మూడోవంతే గద పోసింది అత్తమ్మ?"

భూమన్న తల గోక్కున్నాడు. "ఏమో దొరసాని. సీసల నీళ్లు తెల్లగ కనబడంగనే నా చెయ్యి అట్ల చెంబు మీదికి పోయింది. అలవాటు."

మొత్తానికి మంచి సముద్రం ఒక క్యానులో, పలచన సముద్రం ఇంకో క్యానులో వేరు చేశారు. పలచనదాన్ని పక్కన పెట్టినా, మంచిది కొత్త పెట్టెలో జానెడు ఎత్తు వచ్చింది. తారాబాయి లాక్టోమీటర్ ముంచింది. ఇరవై నాలుగు దాటి, ఒక్క క్షణం ఊగి, ఇరవై ఐదుకు ఒక వెంట్రుకవాసి తక్కువలో ఆగింది.

పగడపు రాయిని దించింది. పువ్వును రెండు అరచేతుల్లో, నిద్రపోయే పసిబిడ్డను మోసినట్టు మోసి, రాయి పక్కన పెట్టింది. చేపలను వదిలింది. జగపతిరావు వరండాలోంచి పంపు కొడుతున్నాడు. పిలిచినవాళ్లందరూ వచ్చారు. గది నిండి, వరండా నిండి, కిటికీ చువ్వలు పట్టుకొని వేలాడుతున్నారు. మొదట గుసగుసలు వినబడ్డాయి. "మా ఇంటిది ఏ పక్క ఉన్నది?" "గా మూలకు. మాదే అన్నిట్ల మంచిగున్నది." ఆ తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నీళ్లలోకి దిగింది. ఎంతసేపటికో పువ్వు అంచున ఒక వేలు కదిలింది. ఆ పక్కన ఇంకోటి. నెమ్మదిగా, ఎవరో చెయ్యి చాపి నిద్రలోంచి లేస్తున్నట్టు, వేళ్లన్నీ విప్పుకున్నాయి. రాయి మీద చిన్న చిన్న నోళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నారింజరంగు చేప ఒకటి వచ్చి ఆ వేళ్లను ముక్కుతో తడిమి చూసి, లోపలికి దూరింది. రెండోది దాని వెనకాలే. నెత్తి మీద ముంత పెట్టుకొని వచ్చిన ఒకావిడ దాన్ని దించడం మరిచిపోయి, అలాగే నిలబడి ఏడుస్తోంది. ఎందుకేడుస్తుందో ఆమెకూ తెలియదు, ఎవరూ అడగలేదు.

"సముద్రమంటే గిట్లుంటదా?" అన్నాడు భూమన్న, చాలా చిన్న గొంతుతో.

"గిది దాంట్ల ఒక్క చుక్కనే," అంది తారాబాయి.

జానకీబాయి ముందుకు వచ్చి, మెడలోని పగడాల దండను అద్దానికి దగ్గరగా పట్టుకుంది. ఎర్రటి పూసలు, అవతల తెరుచుకున్న నోళ్లు. "మీ వాళ్లే," అని దండతో మెల్లగా చెప్పింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"కొట్టంల పెట్టినోళ్లు ఎవలని నేనడగ. వాకిట్ల పంచినోళ్లు ఎవలని నువ్వడగకు."

వరండాలో సైకిల్ పంపు వేగం పెరిగింది.

తర్వాత తమ్ముడు మళ్లీ నీళ్లు పంపి పెట్టె నింపాడు, పువ్వు అందులో చాలా ఏళ్లు బతికింది. ప్రతి అమావాస్యకు చూడ్డానికి జనం వచ్చేవారు. ఎవరూ నీళ్లు అడగలేదు. "మా సముద్రం మంచిగున్నదా?" అని మాత్రం అడిగి పోయేవారు.

ఇక చివరి సంగతి. గ్రహణం మర్నాడు పొద్దున తారాబాయి లాక్టోమీటర్‌ను కడిగి బీరువాలో పెట్టబోతుంటే భూమన్న పాలు పోసి వెళ్లాడు. చేతిలో ఉంది కదా అని దాన్ని పాలగిన్నెలో వదిలింది. పద్దెనిమిది. ఆమె రెండుసార్లు చూసింది, భర్తను పిలిచి అతనికీ చూపించింది. ఇద్దరూ కలిసి దాన్ని మళ్లీ బీరువాలోనే పెట్టేశారు.

మీ ఇళ్లలో కూడా ఇలా జాగ్రత్తగా దాచి పోగొట్టుకున్నవి, పొరపాటున పంచి మిగుల్చుకున్నవి ఉంటే తప్పకుండా రాసి పంపండి, చదువుతాం. పాలవాళ్ల సంగతులు మాత్రం వద్దు. కరీంనగర్‌లో పాలకన్నా సముద్రమే చిక్కగా ఉండేదని మాకు ముందే తెలుసు.